సింగపూర్‌లో ఆగే ఓడలు, దిగని మనుషులు

మా పిన్నివాళ్ళు ఈమధ్య సింగపూర్ నుంచి క్రూయిజ్ వెళ్ళొచ్చారు. విశాఖ నుంచి విమానంలో వెళ్ళి, ఊరంతా తిరిగి, అక్కడ ఓడెక్కి పెనాంగ్, ఫుకెట్ చూసుకుని మళ్ళీ సింగపూర్‌లోనే దిగారు. ఫోన్లో ఫోటోలు చూపిస్తూ పిన్ని అడిగింది, "నువ్వు బోలెడుసార్లు వెళ్ళుంటావు కదరా, గార్డెన్స్ బై ద బే పొద్దున బాగుంటుందా, రాత్రి బాగుంటుందా?" అని. నేను చూడలేదన్నాను. "సింగపూర్ మీదుగానే కదరా మీ ఓడ వెళ్ళేది?" అంది. అవును, మీదుగానే. నేను చెప్పదలచుకున్నదంతా ఆ "మీదుగా"లోనే ఉంది.

నాలాంటి కంటైనర్ ఓడ ఇంజనీరుకి తెలిసే సింగపూర్ వేరు. తూర్పు యాంకరేజ్‌లో లంగరు వేసిన రాత్రి డెక్ మీదకొస్తే ఎదురుగా నగరం మొత్తం వెలుగుతూ కనిపిస్తుంది. మూడు టవర్ల నెత్తిన ఓడ ఆకారం మోస్తున్న మెరీనా బే శాండ్స్ హోటల్‌ని ఇట్టే గుర్తుపట్టొచ్చు. చుట్టూ ఎటు చూసినా ఓడలే. ఆ రేవు పరిధిలో ఏ క్షణంలో లెక్కపెట్టినా సుమారు 1000 ఓడలు ఉంటాయంటారు. ఫోనుకి సిగ్నల్ వస్తుంది, గాలి ఇటు తిరిగితే వానకు తడిసిన చెట్ల వాసన కూడా వస్తుంది. కాలు పెట్టడం మాత్రం మన చేతిలో లేదు. బస్సు కిటికీలోంచి ఊరు చూసి ఆ ఊరు వెళ్ళొచ్చానని చెప్పుకోవడం లాంటిదే మా సింగపూర్ ప్రయాణం.

ఇది నా ఒక్కడి గోడు అయితే రాయనక్కర్లేదు. లోకంలో సుమారు 18 లక్షల 90 వేల మంది నావికులు వాణిజ్య ఓడల మీద పని చేస్తున్నారని 2021లో అంతర్జాతీయ ఓడల సంఘాలు లెక్క తేల్చాయి. వాళ్ళలో ఎక్కువమందికి రేవు అంటే ఇనుప కంచె, క్రేన్లు, మళ్ళీ సముద్రం. నా వాదన ఒకటే: రేవు ఎంత వేగంగా పని చేస్తే అంత గొప్ప అనే లెక్కలో, ఆ వేగానికి ధర చెల్లిస్తున్నది ఓడలో ఉన్న మనిషి. అతను నేల మీద గడపాల్సిన గంటల్ని కోసి మిగతా అందరికీ పంచుతున్నారు. ఆ గంటల్ని కూడా ఖర్చు పద్దులో రాయాలి.

ఓడ సింగపూర్‌లో ఆగినప్పుడు లోపల ఏం జరుగుతుందో ముందు చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళు మేం అప్పుడు ఖాళీగా ఉంటామనుకుంటారు. ఓడలకు ఇంధనం నింపే రేవుల్లో సింగపూర్‌ది ప్రపంచంలోనే మొదటి స్థానం. 2024లో అక్కడ 5 కోట్ల 49 లక్షల టన్నుల బంకర్, అంటే ఓడ ఇంధనం, అమ్మారు. ఆ అమ్మకం ప్రతి టన్నూ ఒక ఇంజనీరు కళ్ళముందే జరగాలి. బంకర్ బార్జి పక్కకి వచ్చి కట్టుకుంటుంది. హోస్ పైకి లాగి మా ఓడ పైపుల మూతికి, మ్యానిఫోల్డ్‌కి, బోల్టులు బిగించాలి. నూనె ఒలికితే సముద్రంలో పడకుండా డెక్ మీద నీళ్ళు బయటికి పోయే కన్నాలు, స్కప్పర్లన్నీ మూసెయ్యాలి. మీటరు రీడింగ్ రెండు పక్షాలూ చూసి సంతకాలు పెట్టాలి. నింపుతున్నంతసేపూ బొట్టు బొట్టుగా శాంపిల్ పట్టి, సీసాల్లో పోసి, సీలు వేసి పంచుకోవాలి. ఒక ట్యాంకు నిండేలోపు ఇంకో ట్యాంకు వాల్వ్ తెరవాలి, సౌండింగ్ తీస్తూ, అంటే ట్యాంకులో నూనె మట్టం కొలుస్తూనే ఉండాలి. ఒకప్పుడు కొందరు బార్జివాళ్ళు నూనెలోకి గాలి ఊది నురగతో కొలత పెంచేవాళ్ళు. ఓడలవాళ్ళు దానికి 'కాపుచినో' అని పేరు పెట్టారు. ఆ మోసానికి అడ్డుకట్టగా సింగపూర్ 2017 జనవరి 1 నుంచి మాస్ ఫ్లో మీటర్లు తప్పనిసరి చేసింది. గాలి కాదు, బరువు కొలుస్తుంది అది. మంచి పని చేశారు. అయినా మా గంటలు మాత్రం ఏమీ తగ్గలేదు.

ఇది అవుతుండగానే సరుకుల పడవ వస్తుంది. బియ్యం, కూరగాయలు, కోడిమాంసం, లూబ్ ఆయిల్ డ్రమ్ములు, ఎప్పుడో అడిగిన పిస్టన్ రింగులు అన్నీ ఒకేసారి. సర్వేయర్ వస్తాడు. రేవు దేశం తరఫున ఓడల్ని తనిఖీ చేసే పోర్ట్ స్టేట్ కంట్రోల్ అధికారి వస్తే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆయన వెంట తిరగాలి. సముద్రంలో నడుస్తుండగా విప్పలేని మెషినరీని విప్పడానికి దొరికే సమయం కూడా ఇదే. ఇంతలో ఓడ నడిపే గది, బ్రిడ్జి నుంచి ఫోను, ఇంజన్ సిద్ధం చెయ్యమని. ఐక్యరాజ్య సమితి వాణిజ్య సంస్థ అంక్టాడ్ లెక్కల్లో కంటైనర్ ఓడ ఒక రేవులో గడిపే మధ్యస్థ సమయం ఒక రోజు కూడా లేదు. ఆ ఒక్క రోజులో నిద్ర కూడా పోవాలి, ఎందుకంటే 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలని చట్టం చెప్తుంది, దానికి విడిగా ఒక రికార్డు పుస్తకం ఉంటుంది. ఆ పుస్తకంలో గళ్ళు ఎలా నిండుతాయో ఓడలో పనిచేసినవాళ్ళు నవ్వుకుంటారు, నేనిక్కడ రాయను.

అయినా ఒకసారి సింగపూర్ నాకు దొరికింది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడుల భయానికి చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడం మొదలయ్యాక షెడ్యూళ్ళు తలకిందులయ్యాయి. 2024 మధ్యలో సింగపూర్‌కి ఓడలు గుంపులుగా చేరి, రేవులో ఓడ కట్టే చోటు, బెర్తు కోసం రోజుల తరబడి లంగరు మీద ఎదురుచూడాల్సి వచ్చింది. సప్లయ్ చైన్ ఏమవుతుందోనని లోకమంతా టెన్షన్ పడుతుంటే మా ఓడలో పండగ వాతావరణం. డ్యూటీ లేనివాళ్ళు బ్యాచులుగా వెళ్ళి రావచ్చన్నారు. ఒడ్డుకు తీసుకెళ్ళే చిన్న పడవ, లాంచ్, మమ్మల్ని మెరీనా సౌత్ పియర్‌లో దింపింది. ఇమ్మిగ్రేషన్ దాటి బయటికొస్తే పక్కనే ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషన్. ప్రపంచ వాణిజ్యం ఇరుక్కుపోవడం వల్ల కొంతమంది మనుషులకు నేల దొరికింది.

దిగినవాళ్ళం కలిసి తిరగలేదు. ఓడవాళ్ళకి ఎవరి సింగపూర్ వాళ్ళకుంది. ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళు సూటిగా ఆర్చర్డ్ రోడ్‌లోని లక్కీ ప్లాజాకి, బర్మా ఆయిలర్ సిటీ హాల్ దగ్గర పెనిన్సులా ప్లాజాకి, మనవాళ్ళు లిటిల్ ఇండియాలోని ముస్తఫా దుకాణానికి. ఎవరి భాష, ఎవరి కూర, ఎవరి ఇంటికి డబ్బు పంపే కౌంటరు అక్కడే ఉంటాయి. టూరిస్టు పుస్తకాల్లో కనిపించని ఈ పటం నోటి మాటగానే ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి అందుతుంది. నేను ముస్తఫాకి తర్వాత వస్తానని చెప్పి ముందు తెలోక్ అయర్ వీధికి వెళ్ళాను.

ఆ వీధిలో నిలబడితే చుట్టూ ఆఫీసు టవర్లు, కాఫీ షాపులు, మెడలో ఐడీ కార్డులతో భోజనానికి పరుగెత్తే జనం. సముద్రం జాడ లేదు. కానీ పంతొమ్మిదో శతాబ్దంలో సింగపూర్ ఒడ్డు ఇదే. సముద్రం పూడ్చకముందు అలలు ఈ రోడ్డు దాకా వచ్చేవి, పడవ దిగినవాళ్ళు మొదట అడుగు పెట్టింది ఇక్కడ. అందుకే దిగినవాళ్ళు చేసిన మొదటి పని కూడా ఇక్కడే కనిపిస్తుంది: ప్రాణాలతో తెచ్చినందుకు దణ్ణం పెట్టుకోవడం. ఫుజియన్ నుంచి వచ్చిన చైనావాళ్ళు సముద్ర దేవత మాజుకి 1839, 1842 మధ్య కట్టుకున్న థియన్ హాక్ కెంగ్ గుడి ఒకటి. అదే వరసలో అంతకు పదేళ్ళ ముందే, 1828, 1830 మధ్య తమిళ ముస్లింలు కట్టిన నాగూరు దర్గా.

దర్గా ముందు నేను ఎక్కువసేపే నిలబడ్డాను. నాగూరు అంటే మనకు కొత్త కాదు. మన కోస్తాలో నాగూర్ మీరా, నాగూర్ వలి అని పేరు పెట్టుకోని ఊరు ఉండదు. మొక్కుకుని పుట్టిన పిల్లలకు నాగూర్ బాబు అని పెట్టుకున్న హిందూ ఇళ్ళు కూడా నాకు తెలుసు. ఆ షాహుల్ హమీద్ వలీని ఓడవాళ్ళు తమ రక్షకుడిగా నమ్ముకున్నారు. అందుకే నాగూరు నుంచి బయల్దేరిన పడవలతో పాటు ఆయన పేరు మీద దర్గా కూడా ఇంత దూరం వచ్చింది. సమాధి అక్కడే నాగూరులో ఉంది, ఇక్కడున్నది ఆయన జ్ఞాపకం మాత్రమే.

ఈ రెండు కట్టడాలూ ఒక విషయం చెప్తున్నాయి. గుడి కట్టాలంటే ఆగాలి. చందాలు పోగెయ్యాలి, స్థలం చూడాలి, ఏటేటా జాతర చెయ్యాలి. తెరచాప ఓడల కాలంలో ఋతుపవనం తిరిగేదాకా ఓడ కదలదు, కాబట్టి మనుషులు నెలల తరబడి ఒడ్డునే ఉండేవాళ్ళు. ఆ ఎదురుచూపులోనే పూటకూళ్ళ ఇళ్ళు, అప్పులిచ్చే కొట్లు, పెళ్ళిళ్ళు, గొడవలు, శ్మశానాలు అన్నీ పుట్టాయి. రేవు పట్టణం అంటే సరుకు దిగే చోటు మాత్రమే కాదు, మనుషులు ఇరుక్కుపోయిన చోటు కూడా. 1819లో ఈస్టిండియా కంపెనీ అధికారి రాఫిల్స్ వచ్చి జెండా పాతాడని పాఠ్యపుస్తకాలు చెప్తాయి సరే, ఊరు ఊరైంది మాత్రం గాలి కోసం ఆగిన వాళ్ళ వల్ల.

పాత రోజులు గొప్పవని నేను అనడం లేదు. అక్కడి నుంచి నడిచి బోట్ కీకి వెళ్తే సింగపూర్ నది ఒడ్డున ఇప్పుడు వరసగా రెస్టారెంట్లు, బీరు గ్లాసులు. ఒకప్పుడు పెద్ద ఓడలు బయట లంగరు వేస్తే, పడవల్లో సరుకు ఇక్కడికి తెచ్చేవాళ్ళు. కాకినాడ యాంకరేజ్ రేవులో బియ్యం బస్తాలు బార్జీల మీద ఓడకు వెళ్ళడం చూసినవాళ్ళకి ఆ పద్ధతి వేరే వివరించనక్కర్లేదు. మొదట్లో ఆ పడవలు నడిపిన వాళ్ళలో తమిళ ముస్లింలు ఎక్కువ, తర్వాత చైనావాళ్ళ చేతిలోకి వెళ్ళింది. పడవకీ ఒడ్డుకీ మధ్య వేసిన సన్న పలక మీద కూలీ బస్తా మోసుకుంటూ నడిచేవాడు. ఒళ్ళు నొప్పులకు నల్లమందు, ఆ నల్లమందు మీద పన్ను వలస ప్రభుత్వ ఖజానాకి పెద్ద ఆదాయం. నది కంపు కొట్టేది. 1977లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ళలో నది బాగుపడాలని గడువు పెట్టాడు, 1983లో పడవలన్నిటినీ పాసిర్ పంజాంగ్‌కి తరలించారు, 1987కల్లా నీళ్ళు బాగుపడ్డాయి. నది బతికింది. దాని మీద బతికిన పని పోయింది. రెండూ నిజమే, రెండోది చెప్పినంత మాత్రాన మొదటిదాన్ని కాదన్నట్టు కాదు.

కంటైనర్ల కథ దానికి కొనసాగింపు. 1972లో తాంజోంగ్ పగార్‌లో మొదటి కంటైనర్ ఓడ ఆగింది. ఆ టెర్మినల్, పక్కన కెప్పెల్, బ్రానీ, ఈ మూడూ నగరానికి ఆనుకునే ఉన్నాయి. గేటు దాటి బయటపడగలిగితే నడుచుకుంటూ ఊళ్ళోకి రావచ్చు. 2027 నాటికి ఈ మూడింటినీ ఖాళీ చేయించి, ఆ స్థలంలో ఇళ్ళు, పార్కులు కట్టాలన్నది ప్రణాళిక. రేవు ద్వీపం పడమటి కొసకి, టువాస్‌కి వెళ్ళిపోతోంది. 2022లో లాంఛనంగా ప్రారంభించారు, 2040ల్లో పూర్తయితే 20 అడుగుల పెట్టెల లెక్కలో ఏడాదికి 6 కోట్ల 50 లక్షల కంటైనర్లు తట్టుకుంటుందట. 2024లో మొత్తం సింగపూర్ దాటించింది అదే లెక్కలో 4 కోట్ల 11 లక్షలు. టువాస్‌లో డ్రైవర్ లేని బండ్లు పెట్టెలు మోస్తాయి. ఇంజనీరుగా అది చూస్తే నాకు నోట మాట రాదు, అంత బాగుంటుంది. ఓడ దిగాలనుకునే మనిషిగా చూస్తే, నగరం నడిబొడ్డుకి రోడ్డు మీద 30 కిలోమీటర్ల పైన. పోనూ రానూ సమయం తీసేస్తే ఒక భోజనం కూడా మిగలదు.

ఇదే నగరం 2012లో మెరీనా బేలో క్రూయిజ్ ఓడల కోసం కొత్త టెర్మినల్ తెరిచింది. మా పిన్ని దిగింది అక్కడే, నగరం గుమ్మంలో. డబ్బు ఖర్చు పెట్టడానికి వచ్చే మనిషికి ఊరు దగ్గరవుతోంది, సరుకు తెచ్చే మనిషికి దూరమవుతోంది. పిన్నిని చూసి నాకు అసూయ లేదు (కొంచెం ఉంది), కానీ ఈ ఏర్పాటు ఎవరో కుట్ర పన్ని చేసింది కాదు కాబట్టే ఎవరూ దీని గురించి మాట్లాడరు.

సాయంత్రం సెరంగూన్ రోడ్డులో డబ్బు పంపే కౌంటరు ముందు లైన్లో ఉంటే వెనక నుంచి మన ఉత్తరాంధ్ర యాస వినబడింది. ఏ ఊరని అడిగాను.

"సోంపేట దగ్గిర బావూ. మీరేటి, ఇక్కడే పనా?"

"విశాఖ. ఓడ మీద పని."

"ఓడ మీదా! నాను ఓడలకే వెల్డింగు సేత్తాను. టువాస్‌ల యార్డు. మీయి పాడైతే బాగుసేసీది మేవే."

ఆ మనిషి ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టి వచ్చాడు, డార్మిటరీలో ఒక గదిలో పదిమంది పైన. ఓవర్‌టైమ్ లేకపోతే ఇంటికి పంపడానికి మిగలదు. అతని పరిస్థితి నాకంటే మెరుగని చెప్పను, జీతం లెక్కలో నేనే నయం. కానీ అతనికి సింగపూర్ తెలుసు. ఏ బస్సు ఎక్కాలో, పెరుమాళ్ గుడిలో ఉగాదికి ఏం చేస్తారో, ఎక్కడ చేపలు చవకో అన్నీ చెప్పాడు. మళ్ళీ ఎప్పుడు వస్తారన్నాడు. తెలీదు, వచ్చినా దిగనిస్తారో లేదో అన్నాను. "ఆదోరం సెలవుండదా?" అన్నాడు. ఓడకి ఆదివారం ఏముంటుంది అన్నాను. "ఆదోరం లేని ఉజ్జోగమేటి బావూ అది" అని నిజంగానే జాలి పడ్డాడు.

ఇప్పుడు నాకు ఎదురయ్యే వాదనలు. మొదటిది, ఇంటర్నెట్. ఇప్పుడు ఓడల్లో శాటిలైట్ ఇంటర్నెట్ వచ్చింది, కుర్రాళ్ళే దిగమంటే దిగట్లేదు, క్యాబిన్లో పడుకుని ఫోన్ చూసుకుంటున్నారు కదా అంటారు. నిజమే, చూస్తున్నారు. రాత్రంతా బంకరింగ్ చేసినవాడిని పొద్దున్నే లేపి ఊరు చూస్తావా అంటే నిద్రే కావాలంటాడు. దాన్ని ఇష్టం అనకూడదు, అలసట అనాలి. ఇంటర్నెట్‌తో ఇంటివాళ్ళ ముఖాలు చూడొచ్చు, అది చిన్న విషయం కాదు. కానీ నెలల తరబడి అవే ఇనుప గోడలు, అదే పాతికమంది ముఖాలు, అదే మెషినరీ చప్పుడు. కదలని నేల మీద ఒక గంట నడిస్తే ఒంటికి ఏమవుతుందో దిగివచ్చినవాడికే తెలుసు.

రెండోది, సెక్యూరిటీ. 2004లో ఓడలు, రేవుల భద్రత కోసం ఐఎస్‌పీఎస్ అనే అంతర్జాతీయ నియమావళి వచ్చాక రేవు గేట్లు బిగుసుకున్నాయి. ఆ అవసరాన్ని నేను కాదనను. కానీ నావికుడు ఒడ్డుకు దిగడం హక్కని అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం, 2013లో అమల్లోకి వచ్చినది, స్పష్టంగా రాసుకుంది. నావికుడికి వీసా అడగకుండా దిగనివ్వాలన్న నియమం దానికంటే పాతది. కొన్ని దేశాల రేవుల్లో మా పాస్‌పోర్టు రంగు చూసి ఓడ దిగే మెట్లు, గ్యాంగ్‌వే దగ్గరే ఆపేస్తారు. సింగపూర్‌లో కాగితాల గొడవ అంత లేదు, అది ఆ ఊరి మంచితనం. అక్కడి అడ్డంకి రెండు ముక్కల్లో చెప్పొచ్చు: టైమ్, లాంచ్ డబ్బు. యాంకరేజ్ నుంచి లాంచ్ ఎవరు పెట్టాలి అన్న దగ్గర మాట ఆగిపోతుంది. కెప్టెన్ కంపెనీని అడగడు, కంపెనీ ఓడను అద్దెకు తీసుకున్న చార్టరర్‌ని అడగదు, చివరికి కుర్రాళ్ళు తలా ఇంత వేసుకుని వెళ్తారు, లేదా వెళ్ళరు.

మూడోది కొంచెం సిగ్గుతో చెప్పే వాదన. ఓడవాళ్ళు దిగితే తాగుడు, గొడవలు, వేశ్యల ఇళ్ళు, పాత రేవుల చరిత్ర అదే కదా అని. చరిత్రలో అది ఉంది. అయితే మా లాంచ్‌లో తిరిగి వచ్చినవాళ్ళ చేతుల్లో ఉన్నవి చాక్లెట్ డబ్బాలు, పిల్లల బూట్లు, అమ్మకి మోకాళ్ళ నొప్పుల తైలం.

కావలసింది పెద్ద విప్లవం ఏమీ కాదు. పోర్ట్ కాల్ ప్లాన్‌లో బంకర్, స్టోర్స్, సర్వే అని గంటలు రాసుకున్నట్టే షోర్ లీవ్, అంటే ఒడ్డుకు దిగే సెలవు, అని కూడా కొన్ని గంటలు రాయాలి. ఆ గంటల కోసం ఓడ ఆలస్యమైతే ఆ ఖర్చు చార్టర్ ఒప్పందంలోనే ముందుగా పంచుకోవాలి. లాంచ్ ఖర్చు రేవు రుసుముల్లోంచి రావాలి. నావికుల సంక్షేమానికి రేవులో లెవీ (రుసుము) వేసుకోవచ్చని అదే సముద్ర కార్మిక ఒప్పందపు మార్గదర్శకాల్లో ఉంది. వేల పెట్టెలు మోసే ఓడ మీద ఆ ఖర్చు పెట్టెకి ఎంత పడుతుందో లెక్కేస్తే నవ్వొస్తుంది. చెయ్యాలనుకుంటే సింగపూర్ చెయ్యగలదు కూడా. 2020లో కోవిడ్ వల్ల చాలా దేశాలు సిబ్బందిని మార్చనివ్వక 4 లక్షల మంది నావికులు ఓడల్లో చిక్కుకుపోయినప్పుడు, తాంజోంగ్ పగార్ టెర్మినల్‌లోనే సిబ్బంది కోసం వసతి కేంద్రం ఏర్పాటు చేసి మార్పిడి సాగనిచ్చిన రేవు అది.

మన దగ్గరికొస్తే, విశాఖ హార్బర్ అదృష్టవంతురాలు. 1933లో తెరిచిన ఆ రేవు ఊరి మధ్యలోకే వస్తుంది, డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఓడ లోపలికి వస్తుంటే జనం చూస్తారు, ఓడలోని మనిషికి ఆటో దొరుకుతుంది. కృష్ణపట్నంలో దిగిన ఫిలిప్పీన్స్ కుర్రాడికి నెల్లూరు ఎంత దూరమో మనకు తెలుసు. ఇప్పుడు రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట కడుతున్నాం. ఎన్ని బెర్తులు, ఎంత లోతు, ఎన్ని లక్షల టన్నులు అని పేపర్లలో రోజూ చదువుతున్నాం. ఆ ఓడల్లో వచ్చేవాళ్ళు గేటు దగ్గర నుంచి ఊళ్ళోకి ఎలా వెళ్ళాలో, కూర్చోడానికి ఒక గది, ఇంటికి డబ్బు పంపడానికి ఒక కౌంటరు, రెండు గంటలకోసారి ఒక మినీబస్సు ఉంటాయో లేదో నేనైతే ఎక్కడా చదవలేదు. ఒక క్రేన్ ఖరీదులో అవి ఏ మూలకీ రావు. రేవుల శాఖ వాళ్ళు ఈసారి ప్రెస్‌మీట్ పెట్టినప్పుడు ఎవరైనా విలేకరి ఆ ప్రశ్న అడిగితే, జవాబేమిటో కింద కామెంట్లలో రాయండి, నేను ఓడ మీదే ఉంటాను, సిగ్నల్ దొరికినప్పుడు చూస్తాను.